నిదానము: చిన్న వర్తకుని కంప్యూటరు చిక్కులు



నేటి ప్రసంగమునకు విషయము చిన్న వర్తకుల కంప్యూటర్లలోను, వెబ్‌సైట్లలోను కలుగు చిక్కులు. వాని మూలమును కనుగొను విధము. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగును, సంస్కృతమును బోధించినవానికి దీనితో నేమి పని యని మీలో కొందరు తలపవచ్చును. మా యూరి యంగళ్లలో కూర్చున్నవారిలో పెక్కుమంది నా శిష్యులు. యంత్రము మొరాయించినపుడెల్ల "మేష్టారూ, అంతా పోనాది" అనుచు వచ్చుచుందురు. నేను యంత్రశాస్త్రము చదువలేదు. తర్కశాస్త్రము కొంత చదివితిని. లోప మెచ్చట నున్నదో కనుగొనుటకు అంతమాత్రము చాలుచున్నది. దిద్దుటకు పనివాడు కావలసివచ్చినను, ఎచ్చట దిద్దవలెనో తెలిసికొని పిలిచిన వర్తకునకు కాలమును ధనమును మిగులును.

ముందుగా ఒక్క మాటను గూర్చి చెప్పెదను. ఆ మాట 'నిదానము'. సంస్కృతమున నిదానమనగా మూలకారణము. వైద్యులు రోగహేతువును నిర్ణయించుటను నిదానమందురు. మాధవకరుని వైద్యగ్రంథమునకు ఆ పేరే ప్రసిద్ధమైనది. మన తెలుగువాడుకలో నిదానమనగా తొందరపాటు లేకుండుట. ఈ రెండర్థములును ఒక్కచోట కలియవలసిన పని కంప్యూటరు చిక్కు విప్పుట. కారణము తెలియక చికిత్స చేయరాదు. తొందరపడినవానికి కారణము కనబడదు.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఈ విషయమునకు నేడు ప్రాముఖ్య మెంతయో కలదు. పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు, బొబ్బిలి వీణ, బుడితి ఇత్తడి సామాను మున్ను సంతను, రైలుబండిని నమ్ముకొని బ్రతికినవి. నేడు ఫోనులో బొమ్మ చూచి హైదరాబాదునుండియు, బెంగుళూరునుండియు, సముద్రముల కావలినుండియు కొనువారు కలరు. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చిన పిమ్మట చిన్న యంగడి లెక్కలు సైతము కంప్యూటరులోనికి చేరినవి. ఆ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ మొదలుకొని 72 నెలలు భద్రపరుపవలెనని చట్టము చెప్పుచున్నది. పెద్ద సంస్థలకు ఇంజనీర్లుందురు. చిన్న వర్తకునకు తానును, కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రవాడును తప్ప మరెవ్వరును లేరు. యంత్రము నిలిచిన దినమున బేరము నిలుచును. పండుగకు ముందు నిలిచినచో ఆ యేటి లాభమే నిలుచును.

ఇక విషయమునకు వత్తము. హైదరాబాదులోని సంగీతాభిమాని యొకడు బొబ్బిలి వీణలమ్ము నొక యంగడి వెబ్‌సైటును తెరచుచున్నాడనుకొందము. అతని కంటికి వీణ బొమ్మ కనబడుటకు ముందు ఐదు లంకెలు కలియవలెను. మొదటిది అతని చేతిలోని పరికరము, అందలి బ్రౌజరు. రెండవది ఇంటర్నెట్టు దారి, అనగా రూటరు, తీగ, కంపెనీ సేవ. మూడవది పేరు. యంత్రములకు పేర్లు తెలియవు, అంకెలే తెలియును. అంగడి పేరు చెప్పినచో దాని అంకెల చిరునామా చెప్పు నామపట్టిక యొకటి కలదు; దానిని డి.ఎన్.ఎస్. అందురు. 1983లో పాల్ మొకపెట్రిస్ అను పండితుడు దీనిని రూపొందించెను. మన యూరి తపాలా జవానుకు ఇంటి యజమాని పేరు చెప్పిన తలుపు చూపును గదా, ఇదియు నట్టిదే. నాలుగవది సర్వరు, అనగా మన వెబ్‌సైటును దాచుకొని రేయింబవళ్లు మేలుకొనియుండు కంప్యూటరు. ఐదవది ఆ సర్వరులో నడచు ప్రోగ్రాము, వర్డ్‌ప్రెస్ అట్టిది.

గొలుసులో ఒక్క లంకె తెగినను వర్తకునకు కనబడునది ఒక్కటే, సైటు తెరచుకొనుట లేదు. కావున 'పోయినది' అనుటతో ఏమియు తెలియదు. ఐదింటిలో ఏది తెగినదో తెలియవలెను. దీనికి మన తార్కికు లెన్నడో చూపిన మార్గము అన్వయ వ్యతిరేకములు. పొగ యున్నచోట నిప్పుండుట అన్వయము. నిప్పు లేనిచోట పొగ లేకుండుట వ్యతిరేకము. ఈ రెంటిని మూడు ప్రశ్నలుగా మార్చి మీకు చెప్పెదను.

మొదటి ప్రశ్న. ఇదే వెబ్‌సైటు మరియొక దారిని తెరచుకొనుచున్నదా? మీ ఫోనులో వై-ఫై ఆపి, మొబైలు డేటాతో తెరచి చూడుడు. తెరచుకొన్నచో వెబ్‌సైటు క్షేమముగా నున్నది. లోపము మీ యంగడి కంప్యూటరులోనో, రూటరులోనో యున్నది. రెండవ ప్రశ్న. ఇదే కంప్యూటరులో ఇతరుల వెబ్‌సైట్లు తెరచుకొనుచున్నవా? అవి తెరచుకొని, మీది మాత్రము ఎచ్చటను తెరచుకొననిచో మీ యంగడి దారి నిర్దోషము. పేరును, సర్వరును, ప్రోగ్రామును అనుమానింపవలెను. మూడవ ప్రశ్న. నిన్న పనిచేసినది నేడు చేయకున్నచో నడుమ మారినదేమి? క్రొత్త ప్రింటరు వచ్చెనా? పాస్‌వర్డు మారెనా? కరెంటు పోయి వచ్చెనా? అప్‌డేటు జరిగెనా? రుసుము గడువు దాటెనా?

ఈ ప్రశ్నలకు తోడుగా ఒక నియమము కలదు. ఒక్క పర్యాయమున ఒక్క మార్పే చేయవలెను. తొందరపడినవాడు రూటరు నార్పి, బ్రౌజరును తీసివేసి, సెట్టింగులు నాలుగు మార్చి, మరల వెలిగించును. పనిచేసినను ఏది బాగుచేసెనో తెలియదు. పనిచేయకున్నను ఏది మరింత చెరిచెనో తెలియదు. ఒక్కటి మార్చి చూడుడు. ఫలితము లేనిచో దానిని యథాస్థానమున నుంచి, రెండవదానికి పొండు.

కొన్ని ఉదాహరణములు చూతము. ఒక కిరాణా యంగడిలో బ్యాంకు సైటు, జి.ఎస్.టి. సైటు, మెయిలు అన్నియు ఒక్క ఉదయముననే 'ఈ సంబంధము భద్రము కాదు' అను హెచ్చరిక నిచ్చినవి. ఫోనులో నన్నియు చక్కగా తెరచుకొన్నవి. అనగా ప్రపంచములోని సైట్లన్నియు ఒక్కసారిగా చెడలేదు. ఆ కంప్యూటరే చెడినది. తెరమీది తేదీ చూడగా అది ఎన్నియో ఏండ్లు వెనుకకు పోయి యున్నది. ప్రతి సైటును తన గుర్తింపునకు ఒక పత్రము చూపును. దానికి ఆరంభ దినమును, గడువు దినమును ఉండును. తేదీ తప్పిన కంప్యూటరు సరియైన పత్రమునుగూడ చెల్లదనును. కరెంటు లేనపుడు గడియారమును నడపుటకు లోపల రూపాయి నాణెమువంటి బ్యాటరీ యొకటి యుండును, సామాన్యముగా సి.ఆర్. 2032 అను రకము. అది యెండిపోయినచో రాత్రి స్విచ్చి కట్టినప్పుడెల్ల తేదీ తప్పును. దానిని మార్చి, తేదీ సరిచేయగా చిక్కు విడిపోయినది. క్రొత్త కంప్యూటరు కొనవలెనని అప్పటికే ఒకరు సలహా యిచ్చియుండిరి.

ఇదే హెచ్చరిక మీ వెబ్‌సైటునకు మాత్రమే, అన్ని ఫోన్లలోను వచ్చుచున్నచో అర్థము వేరు. అపుడు మీ సైటు పత్రమునకే గడువు తీరినది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ ఉచితముగా నిచ్చు పత్రములు సామాన్యముగా 90 దినములు చెల్లును. అవి తమంత తాము మారునట్లు సర్వరులో నేర్పాటు చేయుదురు. ఆ యేర్పాటు నిలిచెనేమో చూడుడని సర్వరువారికి చెప్పవలెను. ఒకే హెచ్చరిక, రెండు కారణములు. వేరుచేసినది అన్వయ వ్యతిరేకములే.

బిల్లుల ప్రింటరు సంగతియు నింతే. కాగితము తెల్లగా బయటికి వచ్చుచున్నచో ప్రింటరు చచ్చినదనుకొనకుడు. ఆ చిన్న ప్రింటరులో సిరా లేదు; వేడి తగిలి నల్లబడు పూత కాగితమునకు ఒక్క ప్రక్కనే యుండును. గోటితో గట్టిగా గీచి చూడుడు. ఏ ప్రక్క నల్లని గీత పడునో ఆ ప్రక్క వేడి తలవైపు తిరిగి యుండవలెను. బిల్లు అసలే రాక, మరియొక ప్రింటరుకు పోవుచున్నచో, విండోసులో నొక సెట్టింగు కలదు. అది కడపట వాడిన ప్రింటరునే ముఖ్యమైనదిగా తనంత తాను మార్చుకొనును. దానిని ఆపి, బిల్లుల ప్రింటరును మీరే నిర్ణయింపవలెను.

ఇక సైటు తెరచునపుడు తెరమీద కనబడు సంఖ్యలు. వానిని చూచి భయపడరాదు. అవి సర్వరు చెప్పు సమాధానములు. 404 అనగా మీ రడిగిన పుట ఇచ్చట లేదు. 403 అనగా ప్రవేశమునకు అనుమతి లేదు. 500 అనగా లోపలి ప్రోగ్రాములో తప్పు జరిగినది. 503 అనగా ప్రస్తుతము సేవ చేయలేకున్నాను. ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. సంఖ్య కనబడినదనగా సర్వరు పలికినదన్నమాట. అనగా మీ పరికరము, దారి, పేరు సామాన్యముగా క్షేమమే. ఇక రూటరు నార్పి వెలిగించుట వ్యర్థము. వర్డ్‌ప్రెస్‌లో 500 వచ్చినచో క్రొత్తగా చేర్చిన, లేదా అప్‌డేటు చేసిన ప్లగిన్‌ను మొదట అనుమానించి, ఒక్కొక్కదానిని ఆపి చూడవలెను. 2019లో వచ్చిన 5.2వ కూర్పునుండి, ఇట్టి తప్పు జరిగినపుడు నిర్వాహకుని మెయిలునకు లోనికి పోవు దారి నొకదానిని వర్డ్‌ప్రెస్సే పంపును. ఆ మెయిలు చిరునామా మీదియేనా యని ఈ దినముననే చూచుకొనుడు.

ఈ మాట యేల నొక్కిచెప్పితినో వినుడు. నేనెరిగిన యొక జీడిపప్పు వర్తకుని వెబ్‌సైటు దసరాకు వారము దినముల ముందు మాయమైనది. ఏ ఫోనులోను తెరచుకొనలేదు. ఇతర సైట్లన్నియు తెరచుకొన్నవి. సంఖ్య యేదియు రాలేదు. అట్టి చిరునామా దొరకలేదని మాత్రము బ్రౌజరు చెప్పినది. కావున తెగినది మూడవ లంకె, పేరు. విచారింపగా ఆ పేరునకు ఏటేట కట్టవలసిన రుసుము కట్టలేదు. కట్టుమని వచ్చిన జాబులు సైటు తయారుచేసిన యువకుని పాత మెయిలునకు పోయినవి. అతడు ఊరును, ఫోను నంబరును మార్చుకొనియుండెను. పేరు రిజిస్టరైనదియు అతని పేరుననే. వర్తకుడు డబ్బు పట్టుకొని నిలుచుండినను పుచ్చుకొనువారు లేరు. అతనిని వెదకి పట్టి, పేరు మార్పించుకొనునప్పటికి దీపావళియు దాటిపోయినది.

శ్రోతలారా, అద్దెయింటిలో కాపురమున్నను బోర్డుమీది పేరు మనదిగా నుండవలెను గదా. వెబ్‌సైటు నెవరిచేతనైనను కట్టించుకొనుడు. పేరు మాత్రము మీ పేరున, మీ మెయిలుతో, మీ ఫోను నంబరుతో రిజిస్టరు కావలెను. డాట్ కామ్ పేర్లకు గడువు తీరి రద్దయిన పిదప 30 దినములు విడిపించుకొను అవకాశముండును. అపుడు రుసుము పెరుగును. అదియు దాటినచో ఆ పేరును ఎవరైనను కొనవచ్చును. గడువు తేదీని 'హూ ఈజ్' అను బహిరంగ పట్టికలో ఉచితముగా చూడవచ్చును. చూచి, గోడమీది క్యాలెండరులో వ్రాసికొనుడు.

తెలుగు పండితుడను గావున అక్షరముల సంగతి విడువజాలను. తెలుగులో దాచిన ఖాతాదారుల పట్టిక యొకనాడు పిచ్చిగీతలుగా కనబడును. దీనికి ముఖ్యముగా రెండు కారణములు. పూర్వము అచ్చుపనికి చేసిన ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చుండబెట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో లోపలి ఇంగ్లీషు అక్షరములే బయటపడును. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పుననే తెలుగునకు స్వంత స్థానములు ఏర్పడినవి. క్రొత్తగా వ్రాయునదెల్ల యూనికోడ్‌లో వ్రాసినచో ఈ బాధ యుండదు. రెండవ కారణము, సి.ఎస్.వి. ఫైలును ఎక్సెల్‌లో సూటిగా తెరచుట. ఫైలులో తెలుగక్షరములు క్షేమముగానే యుండును. చదువు పద్ధతి తప్పినది. డేటా ఇంపోర్టు మార్గమున పోయి, యు.టి.ఎఫ్.-8 అను పద్ధతిని ఎంచుకొన్నచో అక్షరములు తిరిగి వచ్చును. పిచ్చిగీతలు కనబడుచుండగా మాత్రము సేవ్ చేయరాదు. అట్లు చేసినచో వ్యాధి నిజముగనే ఫైలునకు పట్టును.

ఇంతవరకు చెప్పినవి విరిగి, మరల అతుకునట్టివి. అతుకనిది యొకటి కలదు, పోయిన లెక్క. మన తీరమువారికి దీనిని విశేషముగా చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ తుపాను పలాస ప్రాంతముననే తీరము దాటి, ఉద్దానములోని కొబ్బరిని, జీడితోటలను నేలగూల్చినది. అట్టి రాత్రి అంగడిలోనికి నీరు వచ్చినచో కంప్యూటరును, దాని ప్రక్క సొరుగులోని బ్యాకప్ పెన్‌డ్రైవును కలిసియే మునుగును. కావున ప్రతులు మూడుండవలెను. అవి రెండు విధముల సాధనములలో నుండవలెను. అందొకటి ఊరికి దూరముగా నుండవలెను. ఇంటర్నెట్టుమీది నిల్వ యైనను సరే, తీరమునకు దూరపు టూరిలోని బంధువు బీరువా యైనను సరే.

పెన్‌డ్రైవును ఎల్లప్పుడు కంప్యూటరుకు తగిలించి యుంచరాదు. 2017 మే నెలలో వాన్నాక్రై అను దుష్టప్రోగ్రాము లోకమంతట ఫైళ్లను తాళము వేసి ధన మడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని వాతబడినవి. అట్టి ప్రోగ్రాము తగిలించియున్న పెన్‌డ్రైవునుగూడ విడువదు. దానికి విరుగుడైన అప్‌డేటును మైక్రోసాఫ్ట్ అదే యేడు మార్చిలోనే విడుదల చేసియుండెను. అప్‌డేటు అంగడి మూసిన పిదప చేయుడు, బ్యాకప్ తీసికొనిన పిదప చేయుడు, కాని మానకుడు. విండోస్ 10నకు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సామాన్య సహాయము ముగిసినది. ఆ కూర్పుతో లెక్కలు నడుపువారు ఇది గుర్తుంచుకొనవలెను. బ్యాకప్ తీసితిమని తృప్తిపడుటయు చాలదు. నెల కొకసారి దానినుండి ఒక ఫైలును మరల తెరచి చూడవలెను. తెరువని బ్యాకప్ చూడని వడ్లగాదె వంటిది. లోపల ధాన్యమున్నదో పురుగున్నదో తెలియదు.

యంత్రము నిలిచినపుడు మనస్సును నిలుకడ తప్పును. అదే మోసగానికి అదను. కంగారులో 'కస్టమర్ కేర్' నంబరుకై వెదకినచో ముందు కనబడునది దొంగ నంబరు కావచ్చును. అవతలివాడు తీయగా మాటలాడి, మీ తెరను తాను చూచునట్టి ప్రోగ్రామును వేయించి, ఓ.టి.పి. యడుగును. సహాయపు నంబరును బిల్లుమీదనో, సంస్థ స్వంత వెబ్‌సైటులోనో చూచి తీసికొనుడు. యు.పి.ఐ.లో డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. పిన్ కొట్టుమన్నాడనగా డబ్బు మీ ఖాతానుండి పోవుచున్నదని యర్థము. మోసము జరిగినచో సిగ్గుపడక, ఆలసింపక 1930 అను ప్రభుత్వపు నంబరుకు చెప్పవలెను. ఇచ్చట మాత్రము తొందర మంచిది. డబ్బు చేతులు మారకముందే ఆపుటకు వీలుండును.

కడపటిది, నోటుపుస్తకము. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డు మార్క్ 2 అను కంప్యూటరులో లోపము వెదకుచు, పనివారు ఒక రిలే నడుమ చిక్కిన చిమ్మటను తీసిరి. దానిని పారవేయక, పనిపుస్తకములో నంటించి, వేళతోగూడ వ్రాసిరి. ఆ పుట నేటికిని వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ వస్తుప్రదర్శనశాల సొత్తుగా నున్నది. మీ యంగడిలోను అట్టి పుస్తక మొకటి యుంచుడు. ఏ దినమున ఏమి నిలిచెను, తెరమీద ఏ మాటలు కనబడెను, ఏది మార్చగా బాగుపడెను, ఇవి వ్రాయుడు. తెరమీది మాటలను అర్థము కాకున్నను ఫోనుతో ఫోటో తీయుడు. వచ్చిన పనివానికి 'పనిచేయుటలేదు' అని చెప్పుటకంటె ఆ ఫోటో చూపుట మేలు. రెండేండ్లలో ఆ పుస్తకమే మీ యంగడికి వైద్యగ్రంథమగును. కౌంటరు దగ్గరి కుర్రవాడు దానిని చూచి సగము చిక్కులు తానే విప్పగలడు.

నేను చెప్పినదానిని క్రోడీకరించెదను. లంకె లైదు, ప్రశ్నలు మూడు, మార్పు ఒక్కసారి కొక్కటి. పేరు మీ పేరున నుండవలెను. లెక్కలకు మూడు ప్రతులుండవలెను. ఇవి చేయుటకు ధనము స్వల్పము, కావలసినది నిదానము. ఆ మాట కున్న రెండర్థములలోను కావలెను.